నెరుపు కోడికి నేను పెట్టిన పేరు

మొన్న ఉదయం ఫోనులో మెయిళ్ళు చూసుకుంటూ ఉంటే, నేను ఎప్పుడో మర్చిపోయాననుకున్న ఒక ఆటవాళ్ళ దగ్గరనుంచి ఉత్తరం కనిపించింది. కంప్యూటరులో కోళ్ళు పెంచే విదేశీ ఆట అది. ఇన్నేళ్ళు నడిపాక ఇక మూసేస్తున్నామనీ, పాత సభ్యులు తమ కోళ్ళ బొమ్మలు కావాలంటే దాచుకోవచ్చుననీ రాసి, ఆటలో చేర్చిన అరుదైన మ్యుటేషన్ల, అంటే పుట్టుకతో వచ్చే వింత లక్షణాల, పట్టికను కింద జతచేశారు. అందులో నాలుగో వరసలో మా ఇంటిపేరు, దాని ఎదురుగా నా పేరు ఉన్నాయి. మా ఆవిడ చూసి, మీ పేరు పరదేశంలో కూడా ఉందే అని సంబరపడింది. నేను మాత్రం ఫోను బల్లమీద బోర్లా పెట్టేశాను.

అప్పట్లో నేను అమలాపురంలో ఒక ప్రైవేటు కాలేజీలో ఇంటర్ పిల్లలకి జంతుశాస్త్రం చెప్పేవాణ్ణి. రెండువేల సంవత్సరం దాటి మూడు నాలుగేళ్ళు అయివుంటుంది. మన వయసువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, బస్టాండు దగ్గర మేడమీద ప్లైవుడ్ చెక్కలతో అరలు కట్టిన నెట్ సెంటర్లూ, చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళడాలూ, పేజీ సగం తెరుచుకునేసరికి కరెంటు పోవడాలూ. అలాంటి ఒక అరలో, పాఠానికి బొమ్మలు వెతకబోయి ఆ ఆట చూశాను. లేని కోళ్ళని జతకట్టిస్తే, అసలు కోళ్ళలో రంగులూ ఈకలూ ఎలా దిగివస్తాయో అలాగే తెరమీద పిల్లలు పుడతాయి. ఎవరైనా కొత్త మ్యుటేషన్ ప్రతిపాదించవచ్చు. అది ఎలా కనిపిస్తుందో, తరాల్లో ఎలా దిగుతుందో ఆధారాలతో రాస్తే, ఆట నడిపే పెద్దలు ప్రశ్నలు వేసి, నచ్చితే ఏడాదికి ఒక్కటి చేర్చేవారు.

అది చదవగానే నాకు మా అక్క పెరడు గుర్తొచ్చింది.

అక్క నాకంటే రెండేళ్ళు పెద్ద. కొత్తపేట దగ్గర పల్లెలో కాపురం. బావగారు కువైట్‌లో డ్రైవరు, రెండేళ్ళకోసారి వచ్చేవారు. పదో తరగతిలో సైన్సులో స్కూలుకంతటికీ మొదటిది అక్కే. ఇద్దరినీ రామచంద్రపురం కాలేజీకి పంపడం తనవల్ల కాదని నాన్నగారు అన్నాక చదువు నాకు మిగిలింది, పెళ్ళి అక్కకి వచ్చింది. నేను పది గట్టెక్కింది అక్క నోట్సులు చదివే. ఈ మాట నేను కాలేజీలో ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు.

అక్క పెరట్లో ఒక రకం కోళ్ళుండేవి. గుడ్డులోంచి వచ్చినప్పుడు కాటుకలా ఉండేవి, ఏటా ఈక రాల్చినప్పుడల్లా కొంచెం కొంచెం తెల్లబడుతూ నాలుగో ఏటికి పూర్తిగా తెల్లగా అయిపోయేవి. కాళ్ళూ ముక్కూ మాత్రం చివరిదాకా నలుపే. వాటిని అక్క నెరుపు కోళ్ళు అనేది. అందరూ చూసి వింత అనుకుని ఊరుకునేవారు, అక్క ఊరుకోలేదు. కొబ్బరి తడికలతో పెరడును అరలు చేసి, కాళ్ళకి రంగు దారాలు కట్టి, ఏ పెట్టని ఏ పుంజుతో వేసిందీ, ఎన్ని పిల్లలు లేచిందీ, వాటిలో ఎన్ని నెరిసిందీ పాత క్యాలెండరు కాగితాల వెనక ఆరేళ్ళపాటు రాసింది. ఎప్పటికీ నెరవని రెండు నల్లకోళ్ళకి కూడా నెరుపు పిల్ల పుట్టవచ్చుననీ, ఆ గుణం రెండు వైపులా దాగి ఉంటేనే పైకి వస్తుందనీ ఆమె తనంతట తనే కనిపెట్టుకుంది. అదే సంగతిని నేను ఏటా బఠానీ మొక్కల బొమ్మలు గీసి పిల్లలకి చెప్పేవాణ్ణి. నా చేత్తో నేను ఒక్క కోడిని కూడా పొదగేసి ఎరగను.

ఆట సంగతి చెబితే అక్క మొహం వెలిగిపోయింది. కాగితాలన్నీ దారంతో కట్టి నా చేతిలో పెట్టి, "ఒరే, వాళ్ళు పెద్ద చదువులోళ్ళు కదా. నేను చూసింది నిజమో, నా భ్రమో అడిగి చెప్పు. అది చాలు" అంది.

నేను ఇంగ్లీషులోకి మార్చి పంపాను. రెండు వారాలకి అవతలినుంచి రెండు పేజీల ప్రశ్నలు వచ్చాయి. పుంజువైపునుంచి వస్తే ఒకలా, పెట్టవైపునుంచి వస్తే ఒకలా ఉంటుందా? పుట్టిన కొత్తలో గుర్తేమైనా ఉందా? నాకు ఒక్కదానికీ జవాబు తెలియదు. ఆదివారం బస్సెక్కి అక్క దగ్గరికి వెళ్ళాను. మొదటి ప్రశ్నకి, రెండు రకాలుగానూ పొదగేస్తాను, ఇరవయ్యొక్క రోజులు ఆగు అంది. రెండోదానికి నవ్వి, వారం రోజుల పిల్లని అరచేతిలో పెట్టుకుని రెక్క విప్పి చూపించింది. చివరన ఒకే ఒక్క బూడిదరంగు ఈక. నెరవబోయే పిల్లకే అది ఉంటుందట. ఏడాది కనిపెట్టుకుని ఉంటే తప్ప తేలని సంగతిని ఆమె వారంలో తేల్చేసేది. ఆ కబురు పంపినప్పుడు, ఇంత ఓపికగల పెంపకందారుని తాము చూడలేదని అవతలివాళ్ళు రాశారు. ఆ వాక్యం చదువుకున్నప్పుడే నాలో ఏదో పాడైపోయిందనుకుంటాను.

ఏడాది తిరిగేలోపు ప్రతిపాదన ఒప్పుకున్నారు. తెరమీద ఆఖరి ఫారంలో మూడు ఖాళీలు నింపాలి. ప్రతిపాదించినవారు ఎవరు, పరిశీలన ఎవరిది, ఏం పేరు పెట్టాలి. మొదటిదాంట్లో నా పేరు రాయడంలో తప్పులేదు. రెండోదాంట్లో అక్క పేరు టైపు కొట్టాను. కొట్టి, కాసేపు చూసి, చెరిపేసి, అక్కడా నా పేరే పెట్టాను. కోళ్ళు పెంచుకునే ఇల్లాలంటే నమ్మరేమో అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నిజం అది కాదు. స్టాఫురూములో ఆ కాగితం చూపించేటప్పుడు అందులో ఇంకో పేరు ఉండకూడదనిపించింది, అంతే. మూడోదాంట్లో మా ఇంటిపేరు పెట్టి, అది అక్కదీ కదా అనుకున్నాను. పెళ్ళయ్యాక అక్కది ఆ ఇంటిపేరు కాదు.

ప్రిన్సిపాల్‌గారు ఆ మెయిలును నోటీసుబోర్డులో పెట్టించారు. పత్రికలో జిల్లా పేజీకి రాసే విలేకరి ఒకాయన వచ్చి, కోడితో ఫొటో కావాలన్నారు. మళ్ళీ అక్క దగ్గరికే వెళ్ళాను. పత్రికలో తన కోడి బొమ్మ పడుతుందని అక్క పొంగిపోయింది. ఉన్నవాటిలోకి అందమైన నాలుగేళ్ళ పెట్టని ఎంచి, తడిగుడ్డతో దాని కాళ్ళు తుడిచి, గంపలో పెట్టి ఇస్తూ, "నల్లకాళ్ళు కనబడేలా పట్టుకోరా. దీని గొప్పంతా అదే" అని మరీ మరీ చెప్పింది. అలాగే పట్టుకుని ఫొటో దిగాను.

వార్తలో, ఈ అధ్యాపకుడు తన ఇంటి పెరట్లో ఆరేళ్ళు శ్రమించి ఈ జాతి లక్షణాన్ని కనుగొన్నారని పడింది. ఆ ఆరేళ్ళు అన్న మాట విలేకరికి చెప్పింది నేనే.

పత్రిక వచ్చిన మూడోరోజు మధ్యాహ్నం అక్క ఒక్కతే మా ఇంటికి వచ్చింది. అన్నం తినమంటే వద్దంది. నా ఎదురుగా కుర్చీలో కూర్చుని, కొంగు చివర వేలికి చుట్టుకుంది. తరవాత, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, నన్ను మీరు అంది.

"పేపరు చూసేనండీ. ఆరేళ్ళు కష్టపడ్డారని రాసేరు. నిజమేనాండీ?"

వాళ్ళే అలా రాసుకున్నారు అక్కా అన్నాను.

"మరి ఆ ఆటోళ్ళకి ఎవరు రాసేరండీ?"

నేను మంచినీళ్ళ గ్లాసు ఆమె ముందుకి జరిపాను.

"నా బొమ్మ వేయించమని అడిగేనా? నేను చూసింది నిజమో కాదో కనుక్కోమన్నాను. నిజమేనన్నారు కదా. ఆ మాట నా పేరుతో ఒక్కసారి వింటే బాగుండేదండీ." గొంతు పెంచలేదు. "చదువూ మీకే ఇచ్చేసేను. ఇది కూడానాండీ?"

దిద్దుతాను, ఇవాళే రాస్తానన్నాను. "ఆయ్" అంది. మా వైపు సరేనండీ అనడమది, కానీ ఆ ఒక్క మాటలో నమ్మకం పిసరంత కూడా లేదు. తన కాగితాల కట్టా, తన పెట్టా తీసుకుని, నేను దిగబెడతానన్నా వినకుండా బస్టాండుకి నడిచి వెళ్ళిపోయింది.

ఆ వారమే నెట్ సెంటరుకి వెళ్ళాను. రాయాలంటే, అబద్ధమాడానని నేనే ఒప్పుకోవాలి. ప్రిన్సిపాల్‌గారికీ తెలుస్తుంది, పిల్లలకీ తెలుస్తుంది. రెండు వాక్యాలు రాసి లేచి వచ్చేశాను. వచ్చే వారం అనుకుంటూ నాలుగేళ్ళు గడిపాను. చివరికి రాసినప్పుడు వాళ్ళు మర్యాదగానే జవాబిచ్చారు, అసలు పరిశీలనలు రాసిన కాగితాలు పంపితే పేరు మారుస్తామని. అవి అడగడానికి కొత్తపేట వెళ్ళాను.

పెరట్లో తడికలు లేవు. ఊళ్ళోని ఎర్ర డేగ పుంజులూ నల్ల కాకి పుంజులూ ఇష్టమొచ్చినట్టు తిరుగుతున్నాయి. పెట్టతో మా ఇంటినుంచి వెళ్ళిపోయిన రోజే అక్క తడికలన్నీ విప్పేసిందట. ఆ కలగలుపులో నెరుపు కోడి ఒక్కటి కూడా మిగలలేదు. కాగితాలేవి అక్కా అంటే, "నీళ్ళపొయ్యిలో పెట్టేసేనండీ. కాఫీ తాగుతారా?" అంది.

ఇప్పుడు ఆ పెరడంతా సిమెంటు చేసేశారు. బావగారు కువైట్‌నుంచి శాశ్వతంగా వచ్చేసి చికెన్ కొట్టు పెట్టుకున్నారు, బోనుల్లో ఒకదానికీ ఇంకోదానికీ తేడా తెలియని ఫారం కోళ్ళు. నెట్ సెంటరున్న మేడమీద ఎవరో బట్టలకొట్టు తెరిచారు. అక్కాతమ్ముళ్ళం పెళ్ళిళ్ళలో కలుస్తాం, ఒకే బంతిలో కూర్చుని తింటాం, ఆరోగ్యాలు అడుగుతాం. చూసేవాళ్ళకి ఏ లోటూ కనబడదు. ఆ అక్కగారు తమ్ముణ్ణి మీరు అంటూ ఎంత మర్యాదగా చూస్తారో చూడండని చుట్టాలు మెచ్చుకుంటారు కూడా.

నాన్నగారు పోయారు, అమ్మ పోయింది, మేనత్తలూ మేనమామలూ ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఈ వయసుకి వచ్చాక, నన్ను ఒరే అని పిలవగలిగిన మనిషి ఈ భూమ్మీద ఒక్కతే మిగిలింది. ఆమె పిలవదు.