అక్క చెప్పిన రెండు సాక్ష్యాలు

మాది ములకలపల్లి దగ్గర అడవి అంచు ఊరు. మా ఊళ్లో బడి ఐదో తరగతితో అయిపోయేది. ఆరో తరగతికి నన్ను కొత్తగూడెంలో పెద్దమ్మ ఇంట్లో ఉంచారు. పెద్దమ్మ అంటే మా అమ్మకు తోడబుట్టిన అక్క. పెద్దనాన్న బొగ్గుబావిలో పనిచేసేవాడు. వాళ్లది రెండు గదుల క్వార్టర్. వాళ్ల కూతురు నాకంటే ఏడాది పెద్దది. అక్కా అని పిలిచేదాన్ని.

నలుగురిలో ఉన్నప్పుడు పెద్దమ్మ నా తల నిమిరేది. "నా బిడ్డ లెక్కనే చూసుకుంటున్న" అని చుట్టుపక్కల ఆడవాళ్లకు చెప్పేది. తలుపు వేశాక వేరే మనిషి. గిన్నెకు మసి మిగిలిందని జుట్టు పట్టి గోడకు కొట్టేది. పెద్దనాన్న డ్యూటీ దిగి వచ్చేలోపు తనే నీళ్లు పోసి నా మొహం కడిగించేది. ఆయన నా కళ్లు ఎందుకు ఉబ్బాయో ఒక్కసారి కూడా అడగలేదు.

ఏడో తరగతిలో ఒక ఆదివారం, పొయ్యి మీద పాలు చూడమని చెప్పి ఆమె పక్కింటికి వెళ్లింది. నేను పుస్తకంలో పడి మర్చిపోయాను. పాలన్నీ పొంగి బొగ్గుల మీద పోయాయి. ఆమె వచ్చి చూసింది. నన్ను పొయ్యి ముందు కూర్చోబెట్టింది. అట్లకాడ బొగ్గుల్లో పెట్టి, అది ఎర్రగా కాలాక నా ఎడమ చేతికి, మోచేయి కింద అంటించింది.

"అరిస్తే రెండో చెయ్యి" అంది. నేను అరవలేదు.

పది రోజుల తర్వాత అమ్మ వచ్చింది. పెద్దమ్మ పెరట్లో ఉన్నప్పుడు నేను చేయి చూపించి జరిగినదంతా చెప్పాను. అమ్మ పెద్దమ్మను నిలదీస్తుందని, నా బట్టల సంచి సర్దుతుందని అనుకున్నాను. అమ్మ పెద్దమ్మను పిలిచి అడిగింది. పెద్దమ్మ ఏమాత్రం తడబడలేదు.

"పొయ్యి మీద పడ్డదే. కావాలంటే నా బిడ్డను అడుగు."

అక్క తలుపు దగ్గర నిలబడి ఉంది. "అవ్ చిన్నమ్మా, అదే పడ్డది" అంది.

అమ్మ నా చేయి ఒళ్లోకి తీసుకుని చాలాసేపు చూసింది. కాలిన మచ్చ అంచులు గీత గీసినట్టు తిన్నగా ఉన్నాయి. అమ్మ వేలు ఆ అంచు వెంట ఒకసారి నడిచింది. తర్వాత నా చేయి వదిలేసి, "పెద్దమ్మ మీద గట్ల చెప్పొద్దు బిడ్డా" అంది. సాయంత్రం బస్సుకు వెళ్లిపోయింది. నేను బస్సు దాకా ఏడుస్తూ వెళ్లాను. పదో తరగతి అయ్యేదాకా ఆ ఇంట్లోనే ఉన్నాను.

తర్వాత చదువుకున్నాను, చర్ల వైపు ఒక బడిలో టీచర్‌నయ్యాను, పెళ్లయింది. చేతి మీద మచ్చ ఏమిటని నా భర్త అడిగితే, "చిన్నప్పుడు పొయ్యి మీద పడ్డాను" అన్నాను. వాళ్ల అబద్ధం నా నోటికి అంత అలవాటైపోయింది. నాకు కూతురు పుట్టి, అది అప్పటి నా వయసుకు వస్తుంటే మాత్రం ఊపిరాడనట్టు ఉండేది. ఖమ్మంలో మనసు బాధలు చూసే ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టాను. అబద్ధం లేకుండా మొదటిసారి ఆమెకే చెప్పాను. రెండోసారి నా భర్తకు. మూడోసారి, నా మాట ఎందుకు నమ్మలేదని అమ్మను అడిగాను.

"ఎప్పటి ముచ్చటో. ఇప్పుడెందుకు తవ్వుతవ్?" అంది అమ్మ.

నిరుడు పెద్దమ్మ పోయింది. నేను వెళ్లలేదు, పదకొండో రోజుకు కూడా వెళ్లలేదు. ఆ తర్వాతి వారం అక్క ఒక్కతే మా ఇంటికి వచ్చింది. చెప్పులు విడిచి, మంచినీళ్లు కూడా ముట్టుకోకుండా కూర్చుంది.

"దినం నాడు అందరు నువ్వెందుకు రాలేదని అడిగిండ్రు. మీ అమ్మ ఏమన్నదో ఎరుకేనా? 'అది విశ్వాసం లేని పిల్ల' అన్నది. నాకు ముద్ద దిగలే" అంది. నా చేతి మచ్చ వైపు చూస్తూ అంది: "అట్లకాడ తెచ్చిచ్చింది నేనే. మా అమ్మ అడిగింది, ఇచ్చిన. ఎందుకో అప్పుడు తెల్వదు. తర్వాత మీ అమ్మకు అబద్ధం చెప్పిన. అబద్ధమని తెలిసే చెప్పిన."

నాకు ఒళ్లంతా మండింది. లేచి వంటింట్లోకి వెళ్లి నిలబడ్డాను. ఆమెను వెళ్లిపొమ్మనాలనుకున్నాను. కానీ ఇన్నేళ్లలో ఆ గదిలో జరిగింది నిజమేనని ఇంకో నోరు చెప్పడం అదే మొదలు. తిరిగొచ్చి, "ఇదే మాట మా అమ్మ ముందు చెప్తవా?" అని అడిగాను.

"చెప్త. పా" అంది.

మర్నాడే ఇద్దరం ఊరికి వెళ్లాం. అమ్మ వాకిట్లో చింతపండు గింజ తీస్తోంది. అక్క ఆమె ముందు గొంతుక్కూర్చుని అంతా చెప్పింది. అమ్మ చేతులు ఆగలేదు. అంతా అయ్యాక తలెత్తకుండానే అంది:

"నాకు ఎరుకే. ఆ పొద్దే ఎరుకైంది. నిన్ను తోల్కొస్తే సదువు బందైతుండె. మా అక్కతోని పంచాయితీ పెట్టుకునే ధైర్యం నాకు లేకపాయె."

పెద్దమ్మ కాల్చినప్పుడు కూడా నాకు అంత నొప్పి అనిపించలేదు. అమ్మ నన్ను నమ్మలేదని ఇన్నాళ్లూ అనుకున్నాను. నమ్మింది. నమ్మి వదిలేసి వెళ్లింది.

"మరి విశ్వాసం లేని పిల్లనని నలుగురిలో ఎందుకన్నవమ్మా?"

అమ్మ చింతపండు ఎత్తుకుని లోపలికి వెళ్లింది. నేను అక్కడ అన్నం తినకుండా లేచాను. అక్క కూడా నాతోనే లేచింది. బస్సు దిగేముందు ఆమె ఏడిస్తే నా కొంగు ఇచ్చాను. క్షమించానో లేదో నాకే తెలియదు. ఆ వారం మాత్రం గుండె మీద బరువు లేకుండా నిద్రపోయాను. నా కూతురికి దాని వయసుకు తగ్గట్టు అంతా చెప్పాను. నీ మీద ఎవరు చేయి వేసినా నీ మాటే ముందు నమ్ముతానని, నమ్మి ఊరికే కూర్చోనని చెప్పాను.

అమ్మ నెల తర్వాత ఫోన్ చేసింది. "ఎప్పుడొస్తవ్?" అంది. "నాకు మనసైనప్పుడు వస్త" అన్నాను. ఆమెకు అలా చెప్పడం నా జీవితంలో అదే మొదటిసారి. "మంచిది" అంది అమ్మ. బీపీ గోళీలు వేసుకుంటున్నావా అని అడిగాను. వేసుకుంటున్నానంది. నేను ఇంతవరకు వెళ్లలేదు.