సగం చేనుకు జింకు

హైదరాబాద్ కార్వాన్‌ల మా ఇంటెనక కొట్టంల ఆరు బర్రెలుండేవి. వాటి మేత కోసం బాపు శంషాబాద్ అవతల ఎకరం చేను కౌలుకు పట్టుకొని సజ్జ వేసేటోడు. చొప్ప బర్రెలకు, గింజలు మాకు. నేను మట్టి పరీక్షలు చేసే ల్యాబుల పనిజేస్తుంటి.

ఒక వానాకాలం చేనుకు పోతే లేత ఆకుల మీద తెల్లటి చారలు కనవడ్డయి. మట్టి తెచ్చి చూసిన. జింకు మస్తు తక్కువున్నది.

"బాపూ, వచ్చేసారి దుక్కిల జింక్ సల్ఫేట్ వేద్దాం" అన్న.

"ఆరు బర్రెల పేడ పోస్తున్న. ఇంకేం కావాలె? భూమికి గూడ టానిక్ తాగిపిస్తవా?"

"భూమిల ఉంటెనే గింజల ఉంటది. గింజల ఉంటెనే మన ఒంట్లకొస్తది."

మూడు దినాలు లొల్లి. ఆఖరికి అమ్మ తీర్పు చెప్పింది: "సగం చేను తండ్రిది, సగం బిడ్డది. పంటనే చెప్తది."

మరుసటేడు నడుమ గట్టు పోసినం. నా సగంల జింకు వేసేటప్పుడు, దాన్ని డీఏపీ ఎరువుతోని కలపొద్దు, రెండూ కొట్లాడుకొని మొక్కకు ఏదీ అందదని చెప్పిన. బాపు పకపక నవ్విండు. "అచ్చం మన ఇంట్ల లెక్కనే ఉన్నది!"

కంకి వేసే యాళ్లకు ఆకుల మీద గూడ జింకు నీళ్లు కొట్టాలె. నేను ట్యాంకు వీపుకు ఎత్తుకోబోతుంటే గుంజుకున్నడు. "బరువున్నది, ఇటియ్యి. నా సగంల మాత్రం ఒక్క చుక్క పడనియ్య" అని ఓడించవలసిన చేనుకు ఆయనే మందు కొట్టిండు.

కోతల నాడు బాపు గట్టు మీద నిలవడి అటొక కంకి, ఇటొక కంకి తెంపి పక్కపక్కన పెట్టిండు. నాది జానెడు మీద నాలుగు వేళ్ల పొడుగు, గింజ కిక్కిరిసి ఉన్నది. ఆయనది జానెడే. నాకు భయమైంది, మనసు చిన్నబుచ్చుకుంటడేమోనని.

"ఓడిపోయిన్నే!" అని అమ్మకు ఇనవడేటట్టు కేకేసిండు. గంత సంబురంగ ఓడిపోయినోన్ని నేనెప్పుడూ చూడలే.

ఏ సంచి ఎవరిదో చెప్పకుండ గింజలను ల్యాబుల నాతోటి పనిజేసే ఆమెకిచ్చి పరీక్ష చేయించిన. నా సగంల జింకు బాగ పెరిగింది. ఇనుము మాత్రం రెండిట్ల ఇంచుమించు ఒకటే. ఉన్నదున్నట్టు బాపుకు చెప్పిన.

ఆ వారమంత పాలకొచ్చినోళ్లందరికీ ఫోన్ల రెండు కంకుల ఫోటో చూపిచ్చిండు. చాయ్ హోటల్ భాయ్‌తోనైతే "బేటీ నే హరా దియా" అని, బిడ్డ చేతిల ఓడిపోయిన ముచ్చటను ఛాతి విరుచుకొని చెప్పిండు. అమ్మ సజ్జరొట్టెలు చేస్తుంటే, పెంక మీదికెల్లి తీసింది తీసినట్టే వెన్న రాసి, బాపు గల్లీ అంత పంచివచ్చిండు.