మూడో బేరింగు

ఆ షెడ్డులో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. అన్నయ్యకు చెల్లి, వచ్చీపోయేవాళ్ళకు కొలతలమ్మ. ఇంజిను విప్పి బల్లమీద పరిచారంటే, ఒక్కో భాగాన్నీ మైక్రోమీటరులో పెట్టి, వెంట్రుకలో పదోవంతు తేడా ఉన్నా సరే "ఇది పనికిరాదు, పక్కన పెట్టు" అని తేల్చేసేది. పెద్దపెద్ద వర్క్‌షాపుల వాళ్ళు కూడా తమ కొలత మీద తమకే నమ్మకం చాలనప్పుడు ఆ ముక్కను గుడ్డలో చుట్టి ఈమె దగ్గరికి పట్టుకొచ్చేవాళ్ళు. ఇరవై ఆరేళ్ళలో ఆమె కొలత తప్పిందన్న మొనగాడు ఒక్కడూ లేడు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. కాస్త గర్వంగానే ఉండేది. ఉండదూ మరి?

బిగించే పని మాత్రం అన్నయ్యది. పందేల్లో పరిగెత్తే కార్ల ఇంజిన్లు ఎక్కడెక్కడి నుంచో వెతుక్కుంటూ మేస్త్రి చేతికే వచ్చేవి. షెడ్డులో ఉన్నది అన్నాచెల్లెళ్ళిద్దరే. మూడో మనిషిని పెట్టుకోమని వదిన ఎంత పోరినా అతను వినేవాడు కాదు. "వాడికి పని నేర్పేలోపు నేను రెండు ఇంజిన్లు బిగించి అవతల పారేస్తా" అనేవాడు. అనడమే కాదు, బిగించి చూపించేవాడు కూడా.

ఆ నెల బిగించిన ఇంజిను ఒక పళ్ళ డాక్టరుది. వారమంతా జనాన్ని కుర్చీలో కూర్చోబెట్టి భయపెట్టేది చాలక, ఆదివారం తనే ఒక సీటుకు కట్టేసుకుని భయపడాలని అతనికి సరదా. హెల్మెట్టు పెట్టుకుని, తనలాంటి మరో ఇరవైమందితో గుండ్రటి రోడ్డు మీద పోటీపడి తిరుగుతాడు. ఎవరి పిచ్చి వాళ్ళకానందం! పందెం ఇంకా పన్నెండు రోజులుంది.

మొదటిసారి స్టార్టు చేసినప్పుడు ఆయిల్ ప్రెషర్ ముల్లు చక్కగా లేచి నిలబడింది. అన్నయ్య మీసాల్లోనే నవ్వుకున్నాడు. ఇరవై నిమిషాలు తిరిగి ఇంజిను వేడెక్కాక, యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీశాడో లేదో, ముల్లు జారడం మొదలుపెట్టింది. జారి జారి ఎర్రగీత మీద వాలిపోయింది. ఆమె గబుక్కున చెయ్యి చాచి తాళం తిప్పేసింది.

మనిషికి రక్తపోటు ఎలాగో ఇంజినుకు ఆయిల్ ప్రెషర్ అలాగ. లోపల క్రాంక్ షాఫ్టు అనే పెద్ద ఇరుసు తిరిగేది ఇనుము మీద కాదు, దాన్ని మోసే బేరింగుల మీది పల్చటి నూనె పొర మీద. ఆ పొర తెగిందా, ఇనుమూ ఇనుమూ కరుచుకుంటాయి. వీధిలో అయితే బండి ఆగిపోతుంది, తిట్టుకుని నెట్టుకుపోతాం. నూట తొంభై మీద పోతున్నప్పుడు ఇంజిను బిగుసుకుపోతే వెనక చక్రాలు కూడా బిగుసుకుపోతాయి. అప్పుడు కారు ఎటు పోవాలో కారే చూసుకుంటుంది, లోపలి మనిషి చేతిలో ఏమీ ఉండదు. అందుకే ఆ రోజు ఇద్దరూ మధ్యాహ్నం భోజనం సంగతి కూడా మర్చిపోయి పనిలో పడ్డారు.

ముందు గేజిని అనుమానించారు. దాన్ని విప్పి వేరే గేజి బిగించి చూశారు. ముల్లు అక్కడా అలాగే జారింది. ఆయిల్ తీసి, వేళ్ళ మధ్య రుద్ది, వాసన చూశారు. పెట్రోలు కలవలేదు, పల్చబడలేదు. టీ తాగి గ్లాసు కింద పెడుతూ అన్నయ్య అన్నాడు.

"నాకెందుకో గేజి మీదే అనుమానంగా ఉందే. ఇంకోటి బిగించి చూద్దామా?"

"ఇందాకే కదా అన్నయ్యా చూశాం!" అని ఆమె నవ్వింది.

"చూశామా?" అన్నాడు. ఆమె మొహంలోకి చూసి, వెంటనే "ఆఁ, చూశాం, చూశాం" అన్నాడు.

తరువాత ఫిల్టరును కోసి లోపలి కాగితం మడతలు విప్పింది ఆమె. మడతల్లో వెండి పొట్టులాగా ఏదో తళతళలాడింది. కొత్తగా బిగించిన ఇంజిను కదా, మొదట్లో కాస్త పొట్టు రాలడం మామూలేనన్నాడు అన్నయ్య. ఆమె ఒక రేకును గోటితో నొక్కింది. మెత్తగా వంగింది.

"ఇది బేరింగు లోహం. మామూలు పొట్టు కాదు."

ఇంజినును దించి, అడుగున ఉన్న ఆయిల్ తొట్టి విప్పారు. పంపు పక్కనే ప్రెషరును అదుపులో ఉంచే చిన్న వాల్వు ఒకటుంటుంది. దాని మూతికి అడ్డంగా గోరంత రేకు ఇరుక్కుని ఉంది. వాల్వు మూసుకోక, పంపు తోడిన ఆయిలంతా తిరిగి తొట్టిలోకే పోతోంది. ఇక ముల్లు నిలబడమంటే ఎక్కడ నిలబడుతుంది?

"దొరికాడే దొంగ!" అన్నయ్య చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. "కడిగి బిగించెయ్, అయిపోయింది."

"దొంగ దొరికాడు సరే, ఏ ఇంట్లోంచి వచ్చాడో చూడొద్దూ?"

"నీకు ప్రతిదానికీ చాదస్తమే" అని విసుక్కుని, చేతులు కడుక్కోవడానికి అతను పెరట్లోకి వెళ్ళాడు.

ఆమె క్రాంక్ షాఫ్టును పట్టి ఉంచే మూతలు ఒక్కొక్కటే విప్పింది. మొత్తం ఐదు. ఒకటి బాగుంది. రెండు బాగుంది. మూడోది రబ్బరు సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తేగానీ ఊడిరాలేదు. ఊడివచ్చిన మూతను తిరగేసి చూసి, గుడ్డతో తుడిచి మళ్ళీ చూసింది.

ఒక్కో బేరింగూ రెండు అర్ధచంద్రాల చిప్పలు. చిల్లున్న చిప్ప పైన, ఇంజిను దిమ్మలో కూర్చోవాలి; ఆ చిల్లులోంచే ఆయిల్ వస్తుంది. చిల్లులేనిది కింద, మూతలో కూర్చోవాలి. ఇక్కడ చిల్లున్నది కింద ఉంది. చిల్లులేనిది పైన కూర్చుని, ఆయిల్ వచ్చే దారిని గట్టిగా మూసేసింది. ఆ బేరింగుకు స్టార్టు చేసిన క్షణం నుంచీ ఒక్క చుక్క అందలేదు. ఎండిపోయి, రాచుకుపోయి, రేకులు రేకులుగా ఊడింది.

ఇది పనిలో చేరిన మొదటి నెలలో ఎవడో ఒకడు చేసే తప్పు. నెత్తిన మొట్టికాయ తిని, జన్మలో మళ్ళీ చెయ్యడు. ముప్పై అయిదేళ్ళు ఇదే పని చేసిన మేస్త్రి చేసే తప్పు కాదు. ఆమెకు పాత సంగతులు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. రెండు నెలల కిందట అన్నయ్య ఒక కారును పరీక్షకని తీసుకెళ్ళి, తొమ్మిదేళ్ళ కిందట ఖాళీచేసిన పాత షెడ్డు ముందు ఆపి, షట్టరు బాదుతూ నిలబడ్డాడట. అక్కడ ఇప్పుడుంటున్నవాళ్ళు చెబితే ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు. మనిషన్నాక మరుపు లేకుండా ఉంటుందా అనుకుంది. ఎన్ని అనుకుంది! ఇన్నాళ్ళూ అన్నీ నవ్వి తీసేసింది. వెంట్రుకలో పదోవంతు తేడా పట్టే మనిషికి ఇంత తేడా కనిపించలేదు. ఆమెకు తనమీద తనకే అసహ్యం వేసింది.

అన్నయ్య తుండుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి మూతలోకి తొంగిచూశాడు. మొహం ఎర్రబడింది.

"ఎవడే ఈ వెధవ పని చేసింది?"

షెడ్డంతా కలయజూశాడు. వాణ్ణి పట్టుకుని రెండు తగిలించాలని చూస్తున్నట్టే చూశాడు. అక్కడ ఎవరున్నారు గనక? చూపు తిరిగి తిరిగి ఆమె మీదికొచ్చి ఆగింది. ఆ కళ్ళలో నటన లేదు, బుకాయింపు లేదు. నిజంగానే అడుగుతున్నాడు.

"నేనే" అంది ఆమె.

"నువ్వా?"

"నువ్వు ఫోన్లో ఉన్నప్పుడు, ఆ ఒక్కటీ నేను పెట్టేశాను. చూసుకోలేదు."

అతను తిడతాడని ఆమె తలొంచుకుంది. తిడితే బాగుండేది. అతను దగ్గరికొచ్చి, ఆయిలంటని మణికట్టుతో ఆమె తల నిమిరాడు. "పోనీలేవే. వయసు మీద పడుతోంది, చూపు ఆనడం లేదు నీకు. ఇకమీదట బేరింగుల జోలికి రాకు. కొలతలు కూడా నేనే మరోసారి చూసుకుంటా. నువ్వు పక్కన కూర్చో, చాలు."

అప్పుడు తెలిసింది ఆమెకు తను చేసిన నిర్వాకం. ఎవరి చేతులను ఆపాలో ఆ చేతులకే షెడ్డు మొత్తం అప్పగించింది.

సాయంత్రం వచ్చిన పళ్ళ డాక్టరుకు అన్నయ్య ఉన్నదున్నట్టు, అంటే తనకు తెలిసినంతవరకు ఉన్నదున్నట్టు చెప్పేశాడు. డాక్టరు ఆమెవైపు తిరిగి, నొప్పి ఉండదని రోగికి చెప్పే గొంతుతో అన్నాడు. "ఏమీ అనుకోకండమ్మా. ఈసారి మాత్రం మీ చెయ్యి పడకుండా మేస్త్రిగారినే చూసుకోనివ్వండి. ప్రాణంతో పని కదా."

నీ ప్రాణం కోసమేరా నాయనా నేను చస్తున్నది, అని అరవాలనిపించింది. "అలాగేనండి" అంది. ఇరవై ఆరేళ్ళ పేరు పన్నెండు మాటల్లో పోయింది.

మర్నాడు అన్నయ్య క్రాంక్ షాఫ్టును సానపట్టించడానికి వెళ్ళిన సమయం చూసి, ఆమె వదిన దగ్గరికి వెళ్ళింది. వదిన వంటింట్లో గిన్నెలు తుడిచి అరలో సర్దుతోంది. ఆమె చెప్పిందంతా విన్నది. చేతిలోని ఒక్క గిన్నెనే తుడుస్తూ ఉండిపోయింది.

"ఏడాది నుంచి చూస్తున్నా అమ్మాయ్. పొద్దున చొక్కా గుండీలు నేను పెట్టి పంపుతున్నా. తిన్న అరగంటకు అన్నం పెట్టమంటారు. మతిమరుపుకు డాక్టరు మాత్రలిచ్చాడు, రక్తపోటుకని ఆయనకు చెప్పి వేస్తున్నా."

"ఏడాదా! నాకొక్క మాట చెప్పలేకపోయావా వదినా?"

"ఇంజిను ముందు నిలబడితే బాగానే ఉంటారనుకున్నా. షెడ్డులో నువ్వున్నావు కదా అనుకున్నా."

"నేనేమో ఇంట్లో నువ్వున్నావు కదా అనుకున్నా."

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూడలేకపోయారు. వదిన గిన్నె కింద పెట్టి ఆమె చెయ్యి పట్టుకుంది. "ఆయన చేత పని మానిపించకే తల్లీ. నీకు దణ్ణం పెడతా. అది కూడా పోతే ఆయనకింకేం మిగులుతుంది?"

"ఆ కారులో కూర్చునేవాడికీ ఒక ఇల్లుంది వదినా" అంది ఆమె. అని, అక్కడే గోడకానుకుని కూర్చుని, వదిన చెంగు మొహానికి అడ్డం పెట్టుకుని బావురుమంది.

నాలుగు రోజులకు క్రాంక్ షాఫ్టు వచ్చింది. కొత్త బేరింగులు వచ్చాయి. అన్నయ్య దిమ్మను తలకిందులుగా స్టాండుకు బిగించి, చిల్లులన్నీ గాలికొట్టి, చిప్పలను తెల్లటి గుడ్డమీద వరసగా పేర్చాడు. ఆ పేర్పు చూస్తే ఎవరైనా ముచ్చటపడాల్సిందే. పాత పాటేదో కూనిరాగం తీస్తున్నాడు. ఆమె అతను చెప్పినట్టే పక్కన కూర్చుంది. అతను మొదటి చిప్ప తీశాడు. చిల్లులేనిది. దాన్ని తీసుకెళ్ళి దిమ్మలో, ఆయిల్ దారి మీద పెట్టబోయాడు.

"అన్నయ్యా, ఆగు."

"ఏంటే?"

ఆమె లేచి వెళ్ళి అతనికి ఎదురుగా నిలబడింది.

"ఆ రోజు మూడో బేరింగు పెట్టింది నేను కాదు. నువ్వే."

"నేనా? నోర్ముయ్! నువ్వే ఒప్పుకున్నావుగా?"

"అబద్ధం చెప్పాను. నువ్వు అలా చూస్తుంటే నిజం చెప్పడానికి నోరు రాలేదు."

"నేను... ముప్పై అయిదేళ్ళుగా... నేను పెడతానా అట్లా?" గొంతు షెడ్డు రేకులదాకా లేచింది. "నీ తప్పు కప్పిపుచ్చుకోవడానికి నన్నంటావా? సిగ్గులేదూ?"

"ఇప్పుడు నీ చేతిలో ఉన్నది చూసుకో అన్నయ్యా."

అతను చూసుకున్నాడు. చిప్పను వెలుగు వైపు తిప్పాడు. దిమ్మలోని చిల్లును చూశాడు. మళ్ళీ చిప్పను చూశాడు. కోపం మొహంలోంచి మెల్లగా దిగిపోయింది. దాని వెనక వచ్చింది భయం. తన అన్నయ్య మొహంలో భయాన్ని ఆమె అంతవరకూ చూసి ఎరగదు. స్టూలు మీద కూలబడ్డాడు.

"మీ వదినకు తెలుసా?"

"తెలుసు."

"నాకొక్కడికే తెలీదన్నమాట" అన్నాడు.

ఆమె అతని చేతిలోంచి చిప్ప తీసుకోబోయింది. ఇవ్వలేదు. ఇంకో చేత్తో గుడ్డమీద నుంచి దాని జత చిప్పను తీశాడు. రెండు అరచేతుల్లో రెండూ పెట్టుకుని, బడిలో పలక చూపించే పిల్లాడిలా ఆమె ముందుకు చాపాడు.

"చెల్లీ, వీటిలో పైది ఏదే?"

ఆమె చిల్లున్నదాన్ని వేలితో చూపించింది. అతను దాన్ని దిమ్మలో జాగ్రత్తగా కూర్చోబెట్టి, బొటనవేళ్ళతో సరిగ్గా అదిమి, రెండోదాన్ని మూతలో పెట్టాడు. తరువాత ఇంకో జత తీసి, మళ్ళీ అరచేతులు చాపాడు.

ఐదు బేరింగులు. ఐదుసార్లూ అడిగాడు. ఐదుసార్లూ మొదటిసారి అడుగుతున్నట్టే అడిగాడు.