ఆగం గాకు

మా లెక్కల సారు పోయారన్న సంగతి నాకు బడి గేటు దగ్గరే తెలిసింది. అటెండరు సైకిలు దిగకుండానే, "మేడం, లెక్కల సారు పోయిండంట. నల్లగొండ దవాఖానల, తెల్లారంగ. గుండె ఆగిందంట" అన్నాడు. నాకు ముందు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. చావింటికి వెళ్లొచ్చాక కూడా అది తగ్గలేదు. కాబట్టి ఈ నాలుగు మాటలు తియ్యగా ఉంటాయని ఎవరూ ఆశపడొద్దు.

నేను అదే బడిలో తెలుగు చెబుతాను. కట్టంగూర్ దాటాక హైవే దిగి లోపలికి పోవాల్సిన ఊరు. తెలంగాణ వచ్చిన కొత్తలో ఏదో ఆఫీసు వాళ్లు వాడి వదిలేసిన కంప్యూటర్లు మా బడికి దానంగా వచ్చాయి. బటన్ నొక్కితే తెర మీద బొమ్మ పడేసరికి పీరియడ్ అయిపోయేది. పాత సామాన్ల గదిలో పడేద్దామని అందరం అన్నాం. లెక్కల సారు ఒక్కరే ఒప్పుకోలేదు. "ఇయ్యి పాడు గాలే మేడం. వీటి నెత్తిన మొయ్యలేనంత మూట పెట్టిన్రు. దించితె అయ్యే నడుస్తయి" అన్నారు.

దించారు. ఉన్నదంతా తుడిచేసి, ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కించి, దాని మీద దొరికినవాటిలోకెల్లా తేలికైన డెస్క్‌టాప్ పెట్టారు. నాకు అర్థమైనంతవరకు చెబుతాను. తెర మీద ఒక్కో పనికి ఒక్కో కిటికీ తెరుచుకుంటుంది. ఆ కిటికీలకు చౌకట్లు బిగించి, అటూ ఇటూ జరిపే చిన్న ప్రోగ్రాం ఒకటి. కింద ఒక పట్టీ, అందులో గడియారం. రాసుకోవడానికి ఒకటి, బొమ్మ గీసుకోవడానికి ఒకటి. అంతకుమించి ఏమీ ఉంచలేదు. కిటికీల వెనక పడే నీడలు, తళుకులు అన్నీ పీకేశారు. అందంగా ఉంటాయి కదా సార్ అంటే, "నీడ పడకపోతె లెక్క తప్పొస్తదా మేడం?" అని నన్నే అడిగారు.

ఎవరైనా ఒక కొత్త ప్రోగ్రాం గురించి గొప్పగా చెబితే ఆయన అడిగే మొదటి మాట, "గా ప్రోగ్రాం ఎంత తింటది?" మెమరీ గురించి. ఈయన పిల్లను ఇచ్చేటప్పుడు అల్లుడి గురించి కూడా ఇదే అడుగుతాడని స్టాఫ్‌రూంలో నవ్వుకునేవాళ్లం. ఆయనకు కోపం వచ్చేది కాదు. క్లాసుకు ముందు ప్రతి మౌసునూ తిరగేసి తన చేతిరుమాలుతో తుడిచేవారు. అదే రుమాలుతో నుదురు తుడుచుకునేవారు. మధ్యాహ్నానికి నుదుటి మీద నల్లటి చార పడేది. ఆ సంగతి ఆయనకు ఎవరమూ చెప్పలేదు. చెబితే తుడవడం మానేస్తారని కాదు, ఆ చారతోనే ఆయన ఆయనలా ఉండేవారు.

తర్వాత మాటల పని పెట్టుకున్నారు. తెర మీద ఇంగ్లీషు తీసి తెలుగు పెడితే పిల్లలకు అదీ ఇంగ్లీషులాగే ఉంది. అన్నం గిన్నె పట్టుకుని నా దగ్గరికి వచ్చేవారు. "మేడం, 'నిష్క్రమించు' అని మనూర్ల ఎవరన్న అంటరా?" అనరు అన్నాను. "మరి ఏమంటరు?" అలా మొదలైంది. 'బంద్ చెయ్యి' వచ్చింది, 'యెన్కకు' వచ్చింది. 'భద్రపరచు' ఉంచుదామని నేను పట్టుబట్టాను. "బీరువా కొన్నట్టుంది మేడం" అని కొట్టిపారేసి 'దాచిపెట్టు' అని పెట్టారు. ఇన్నేళ్లు పాఠం చెప్పి, నా భాష నల్లబల్ల దగ్గరే ఆగిపోతోందని నాకు ఆ గదిలోనే తెలిసింది. అందుకు ఆయనకు రుణపడి ఉన్నాను.

పాత మిషన్లు కదా, ఒక్కోసారి రాస్తుండగానే కిటికీ టప్పున మూసుకుపోయేది. పిల్లలు బెంబేలెత్తేవారు. అందుకని సారు ఒక బుల్లి ప్రోగ్రాం రాశారు. అది పిల్లలు రాసింది రాసినట్టు పక్కన దాస్తుంటుంది. కిటికీ మూసుకుపోతే తెర మధ్యలో ఒక డబ్బా వస్తుంది. అందులో ఇలా ఉంటుంది: "ఆగం గాకు. నువ్వు రాసింది యాడికి పోలే. మళ్ల తెరువు." మొదటిసారి అది చూసిన ఎనిమిదో తరగతి పిల్ల బెంచీ మీద కొట్టి నవ్వింది. "సార్, గిది మా అవ్వ లెక్క మాట్లాడుతాంది!"

ఆ తర్వాత కొత్త హెడ్మాస్టరు వచ్చాడు. పరాయివాడు కాదు, కేతేపల్లి వైపు మనిషే. తెలంగాణ ఉద్యమంలో ర్యాలీల ముందు నడిచానని రోజుకోసారి చెప్పేవాడు. పెద్ద ఆఫీసరు తనిఖీకి వస్తున్నాడని తెలిసి గదులన్నీ తిరుగుతూ ఆ డబ్బా చూశాడు. "గిదేం భాష సార్? బడిల గిట్ల రాస్తరా?" అన్నాడు. అడిగింది ఏ భాషలోనో ఆయనగారి చెవికి వినపడలేదు.

"మనం మాట్లాడేదే గద సార్" అన్నారు లెక్కల సారు.

"మాట్లాడుడు వేరు, రాసుడు వేరు. ఆఫీసరు ముంగట నా ఇజ్జత్ పోతది. మార్చుర్రి. లేకుంటె గదికి తాళం ఏస్త."

నేను మార్చొద్దన్నాను. ఇంతకాలం మన మాటను ఎక్కిరించినవాళ్ల మీద కొట్లాడి రాష్ట్రం తెచ్చుకున్నది ఇందుకేనా అని అరిచాను కూడా. సారు అరవలేదు. "మాటలు మనింట్ల ఉంటయి మేడం. గది పోతె పిల్లలు యాడ కూసుంటరు?" అన్నారు. ఆదివారం ఒక్కరే వచ్చి అన్నీ పుస్తకాల తెలుగులోకి మార్చేశారు.

సోమవారం ఆ ఎనిమిదో తరగతి పిల్లే రాస్తుండగా కిటికీ మూసుకుపోయింది. 'దోషము సంభవించినది' అని వచ్చింది. పిల్ల చేతులు వెనక్కి తీసుకుని గోడకు ఆనుకుంది. కళ్లనిండా నీళ్లు. "నాకు దోషం తగిలిందంట సార్. మా అవ్వకు చెప్పకుర్రి సార్, గుడి చుట్టూ తిప్పుతది." మిగతా పిల్లలు ఆమె పక్క నుంచి జరిగారు. "నీకు గాదు బిడ్డా, మిషన్‌కు" అని సారు ఎంత చెప్పినా ఆ పిల్ల ఆ రోజు కీబోర్డు ముట్టలేదు. సారు వరండాలోకి వచ్చి స్తంభం పట్టుకుని నిలబడ్డారు. నాకైతే నోరు తెరిస్తే బూతులొచ్చేలా ఉంది.

ఆఫీసరు వచ్చాడు. చాయ తాగాడు, గోడల రంగు బాగుందన్నాడు, ఒక్క కంప్యూటరూ ముట్టకుండా వెళ్లిపోయాడు. కొన్నాళ్లకు కొత్త కంప్యూటర్లొచ్చాయి. సారు చేతితో బాగుచేసినవన్నీ తుక్కు ఆటోలో ఎక్కాయి. కొత్తవి నెట్ లేకపోతే కదలవు, మా ఊళ్లో నెట్ నిలవదు. సారు మళ్లీ తేలికైనది ఎక్కిస్తానన్నారు. "పిల్లలు ముట్టితె ఖరాబైతయి, ట్రైనింగ్ వచ్చినంక సూద్దాం" అని హెడ్మాస్టరు తాళంచెవి జేబులో వేసుకున్నాడు. గది నిలవాలని మాటలను వదులుకున్న మనిషికి గదీ దక్కలేదు. తాళంచెవి కోసం అడగబోయి తిరిగివచ్చిన ప్రతిసారీ ఆయన కొంచెం కొంచెం తగ్గిపోయారు. గుండె ఆగిందని డాక్టర్లు చెప్పారు, కానియ్యండి.

మొన్న సంతాప సభ పెట్టారు. హెడ్మాస్టరు మైకు పట్టుకుని, "మన యాసను కంప్యూటర్ల పెట్టిన మొనగాడు మా సారు. మన తెలంగాణ బిడ్డ" అన్నాడు. చప్పట్లు కొట్టారు. నన్ను మాట్లాడమన్నప్పుడు ఒక్కటే అన్నాను. "సారు మీద అంత ప్రేముంటె ఆ గది తెరువుర్రి సార్."

అందరూ హెడ్మాస్టరు వైపు చూశారు. "అయ్యో, ఎందుకు తెరువం మేడం? ఇప్పుడే" అని జేబులోంచి తాళంచెవి తీశాడు. నిజమేనేమో అనుకున్నాను. పిల్లలు ఉరికివచ్చి, గుమ్మం బయట చెప్పులు వరుసగా విడిచి, లోపలికి పిలుస్తారని నిలబడ్డారు. లోపల కొత్త కంప్యూటర్ల మీద ప్లాస్టిక్ కవర్లు అలాగే ఉన్నాయి. హెడ్మాస్టరు అటెండరుతో మేకు కొట్టించి సారు ఫొటో తగిలించాడు, దండ వేశాడు, దండం పెట్టాడు. లైటు ఆర్పి బయటికొచ్చి తాళం వేశాడు. సరిగ్గా పడిందో లేదో అని ఒకసారి లాగి చూశాడు.