ఎర్రదుమ్ము మందు

బళ్ళారిలో ఖనిజం లారీలు తూచే కాటా దగ్గర వరప్రసాదం గుమాస్తా. గనులు జోరుగా సాగుతున్న ఆ రోజుల్లో ఇంటినిండా పేరుకునే దుమ్మునైనా ఓర్చుకునేవాడు గానీ, వంటింటి చెత్తబకెట్టు మీద ముసిరే ఈగల్ని ఓర్చుకోలేకపోయేవాడు.

"మాయమ్మ బూడిద చల్లుతాండె. ఒక్క పురుగు కనపడేది కాదు," అన్నాడొక రోజు.

"గ్యాసు పొయ్యిలో బూడిద యాడ వస్తాది?" అంది భార్య రెజీనా.

వరప్రసాదం ఆలోచించాడు. లారీలు వాకిట్లో రాల్చిన ఎర్రదుమ్మును ఊడ్చి తెచ్చి, బకెట్టులోని సాంబారన్నం మీద దండిగా చల్లాడు. మందు ఎలా పనిచేస్తుందో చూడాలని మూత కూడా తీసేసి, బకెట్టును పెరటి గడప దగ్గర పెట్టాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు భోజనానికి వచ్చారు. చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళి అక్కడే నిలబడిపోయారు. బకెట్టు అంచు దాటి ఎర్రెర్రని పురుగులు గడప వైపు వస్తున్నాయి.

"ఏంది వరప్రసాదమప్పా, మీ ఇంట్లో పురుగులు గూడా మైనింగులో చేరినట్టుండాయే," అన్నారాయన.

వరప్రసాదం మూత వెతకడానికి పరుగెత్తాడు. రెజీనా నవ్వాపుకుంటూ సలసల కాగే నీళ్ళు తెచ్చి బకెట్టులో కుమ్మరించింది.

"తడి ఉంటేనే ఈగ గుడ్లు పెడతాది. చెత్తలో నీళ్ళు వంచేయాల, మిగిలింది పేపర్లో చుట్టాల, మూత బిగించాల. దినామూ పారబోసి, బకెట్టు కడిగి ఎండలో పెట్టాల," అంది.

ఆనాటి నుంచి ఆ పని వరప్రసాదానిదే అయింది, పురుగులూ పోయాయి. ఇప్పుడు వీధిలో ఎవరి బకెట్టుకు మూత లేకపోయినా ఆగి గద్దించేది అతనే. ఆ ఉపాయమంతా తానే కనిపెట్టినట్టు అరగంట చెప్పందే కదలడు.