సీతాలక్ష్మి తూకం

తొంభైల్లో దోహా నుంచి ఊరికి బయల్దేరిన తెలుగువాడు ఎవడైనా సరే, ముందు అల్ అజీజియాలో సీతాలక్ష్మి ఇంటికి పెట్టెతో రావాల్సిందే. ఆవిడ దాన్ని స్ప్రింగ్ కాటాకు తగిలించేది. విమానం వాళ్ళు ఒప్పుకునే బరువు మించితే మూత తెరిచి కూర్చునేది. ఇక దయాదాక్షిణ్యాలు ఉండవు. ఒక్కో వస్తువునూ పైకెత్తి, "ఇది లేకపోతే ప్రయాణం ఆగిపోతుందా?" అని అడిగేది. ఆగదంటే అది బయటికే. రాయచోటి నుంచి వచ్చి ఒక అరబ్బు ఇంట్లో హౌస్ డ్రైవరుగా చేస్తున్న ఇమామ్ ఒకసారి పాలపొడి డబ్బాల కోసం బతిమాలాడు.

"యక్కా, అవి లేకుండా పోతే మా ఇంటామె నన్ను లోపలికి రానీదు."

"పాలు మీ ఊళ్ళో గేదెలు కూడా ఇస్తాయయ్యా. ఆ దుప్పటి పెట్టుకో" అంది సీతాలక్ష్మి. ఇమామ్ డబ్బాలు తీసేసి దుప్పటి పెట్టుకున్నాడు.

నేను వాళ్ళ పక్కింట్లో ఉండేవాణ్ణి. ఆవిడ భర్త ఆనందరావు, నేను రాస్ లఫాన్‌లో ఒకే గ్యాస్ ప్లాంటు ప్రాజెక్టులో ఇంజనీర్లం. ఆనందరావుది కాకినాడ. మనిషి భారీ, మనసూ భారీ, భోజనం సంగతి చెప్పనక్కర్లేదు. ఒక ఇంగ్లీషాయన దేశం వదిలిపోతూ తన స్పోర్ట్స్ కారును ఈయనకు అంటగట్టి పోయాడు. కారంటే కారు కాదు. విడిభాగాలుగా పెట్టెల్లో వస్తుంది, కొన్నవాడే ఇంట్లో బిగించుకోవాలి. తలుపుల్లేవు, కప్పు లేదు, ఉన్నవి రెండే సీట్లు. సగం బిగించి ఉన్న దాన్ని ఆనందరావు పూర్తి చేశాడు.

ఇంజను మొదటిసారి మోగిన రోజునే సీతాలక్ష్మి చెప్పేసింది, "దీన్ని నేనొకసారి నడపాలండీ" అని.

"చూద్దాంలే" అన్నాడాయన.

చూద్దాంలే అంటే కుదరదని అర్థమని పెళ్ళయిన ఏ ఆడదాన్ని అడిగినా చెబుతుంది. అప్పట్లో భర్త సంతకం పెడితేగానీ ఆడవాళ్ళకు లైసెన్సు వచ్చేది కాదు. ఆ సంతకం పెట్టించుకుని, రోజూ పిల్లల్ని బడికి దింపుతూ, వెనక నుంచి లైట్లు కొట్టే ల్యాండ్ క్రూజర్లను దాటుకుని దోహాలోని గుండ్రటి కూడళ్ళు, ఆ రౌండబౌట్లన్నీ తిరిగిన మనిషి ఆవిడ. అయినా ఆ కారు తాళం మాత్రం ఆయన జేబులోంచి బయటికి రాలేదు.

శుక్రవారం పొద్దున్నే ఊరి బయట, వాడకుండా వదిలేసిన తారు మైదానంలో కార్ల పిచ్చి ఉన్నవాళ్ళంతా చేరేవారు. ప్లాస్టిక్ కోన్లు పెట్టి వంకరటింకర దారి గీసేవారు. ఉన్నది ఒకటే స్టాప్‌వాచ్. ఎవరి వంతు వస్తే వాళ్ళ మనిషి దాన్ని పట్టుకోవాలి. ఆ చుట్టు నిమిషం లోపు తిరగాలని ఆనందరావు పంతం. అందుకోసం ఇంజనుకు బలం పెంచాడు, మంచి టైర్లు వేశాడు, స్ప్రింగులు మార్చాడు, కొత్త బ్రేకులు తెప్పించాడు, ముషైరిబ్ దుకాణాల్లో బోల్టుల కోసం తిరిగి తిరిగి చెప్పులరగదీశాడు. కారు మాత్రం నిమిషం దగ్గరే మొండికేసింది.

ఒకరోజు సీతాలక్ష్మి కాటా పట్టుకుని షెడ్డులోకి వచ్చింది.

"ఇంజనుకు బలం పెంచుతూనే ఉన్నారు. అది మోసే బరువు ఎవరు చూస్తారు?" అంది.

ఇక చూడండి! సామాను ఒక్కొక్కటీ ఊడబీకడం, కాటాకు తగిలించడం, అదే ప్రశ్న. తివాచీ? బయటికి. అదనపు చక్రం? బయటికి. డాష్‌బోర్డు కింద ఏదో పెట్టె కనిపించింది.

"ఇదేవిటి?"

"హీటరు" అని నసిగాడు ఆనందరావు.

"దోహాలో హీటరా!" అని ఆవిడ అంటే నేను కడుపు పట్టుకుని కూలబడ్డాను. తర్వాత బ్యాటరీ స్టాండు వంతు. ప్లాంటులో పనిచేసే చెయ్యి కదా, దానిమీద బాయిలరు పెట్టినా ఆగేంత మందం రేకుతో చేశాడు మహానుభావుడు. దాని స్థానంలో పల్చటి అల్యూమినియం పట్టీలు వచ్చాయి. తల వెనక వంచి బిగించిన ఉక్కు గొట్టం మీద మాత్రం ఆవిడ చెయ్యి వేసి, "ఇది ఉండాలి. కారు బోల్తాపడితే తల కాచేది ఇదే" అంది.

పక్క సీటు దగ్గర ఆయన అడ్డం పడ్డాడు. "అది నీ సీటు కదే!"

"నేనడిగింది ఆ సీటు కాదు" అని స్పానరు అందుకుంది.

తేలికైన కారుకు స్ప్రింగులు మళ్ళీ సరిచేసుకుని, శుక్రవారం మైదానానికి వెళ్ళాం. అబ్బ, ఏం పోయిందండీ బండి! మలుపుల్లో బొంగరం, తిన్నటి దారిలో బాణం. ఆనందరావు దుమ్ము కొట్టుకుపోయి వచ్చి ఆగాడు. నేను గడియారం చూపించాను. నిమిషం దాటి రవ్వంత! మళ్ళీ తిప్పాడు. మళ్ళీ అదే రవ్వంత.

"ఖలాస్! ఇంక తీయడానికి ఏం మిగిలిందని?" అని ఆయన స్టీరింగు మీద గుద్దాడు.

సీతాలక్ష్మి కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది. చేత్తో అన్నీ తడిమింది. వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది.

"ఏవండీ, మీరు లేకపోతే కారు ఆగిపోతుందా?"

నేను నవ్వు దాచుకోవడానికి మొహం తిప్పుకున్నాను. తిరిగి చూసేసరికి నవ్వు పోయింది. ఆనందరావు తన పొట్ట వైపు చూసుకుంటున్నాడు. మొహం పాలిపోయింది. ఆ కారంటే ఆయనకు ప్రాణం, ఇంతవరకూ ఇంకొకరి చెయ్యి ఆ స్టీరింగు మీద పడలేదు. కోప్పడతాడనే అనుకున్నాను. ఆయన సీటు బెల్టు విప్పుకుని మెల్లగా దిగాడు.

"యల్లా! పద, ఎక్కు" అన్నాడు.

ఆవిడ చున్నీ తీసి నాకిచ్చింది. ఆయన వంగి బెల్టు తనే బిగించి, రెండుసార్లు లాగి చూశాడు. నా చేతిలోని స్టాప్‌వాచ్ లాక్కున్నాడు.

అమ్మో, ఆ చుట్టు! కోన్లన్నీ రౌండబౌట్లే ఆవిడకి. ఎక్కడ బ్రేకు వేయాలో అక్కడే వేసింది, మలుపు దాటీ దాటగానే తొక్కింది, ఒక్క కోను కదల్లేదు. తిన్నటి దారిలో మా ముందునుంచి పోతూ గట్టిగా అరిచింది. భయంతో కాదు, సంతోషంతో. అక్కడున్న దొరలూ, అరబ్బు కుర్రాళ్ళూ ఈలలు వేశారు. నేనూ వేశాను, సిగ్గేముంది?

గీత దాటి ఆపింది. జుట్టంతా రేగిపోయి, కళ్ళు మెరుస్తున్నాయి.

"ఎంతండీ? ఎంత?"

ఆనందరావు గడియారం వైపు చూశాడు. దానిమీద అన్నీ సున్నాలే.

"నొక్కలేదే" అన్నాడు. "నిన్నే చూస్తూ ఉండిపోయాను."

ఏడాదిగా ఆ నిమిషం కోసం తపించిన మనిషి! సీతాలక్ష్మి రేగిన జుట్టు వెనక్కి తోసుకుంది.

"అయితే మళ్ళీ తిప్పాల్సిందేగా!" అంటూ గేరు వేసింది.

ఆనందరావు స్టాప్‌వాచ్‌ను జేబులో పడేసుకుని, మొదటి మలుపు బాగా కనిపించే చోటికి పరుగెత్తాడు.