పిచ్చుక బేకరీ

మా ఆఫీసులో అతన్ని అందరూ మేస్త్రి అంటారు. నిజానికి ఇటుక ముట్టుకున్న పాపాన పోలేదు. వీడియో గేముల్లో కనిపించే ఇళ్ళూ కొట్లూ కట్టడం అతని పని. పక్క కుర్చీ నాది కాబట్టి అతను కట్టిన ఊళ్ళన్నీ నా కళ్ళముందే లేచాయి.

ఇల్లంటే అతని లెక్కలో కంప్యూటర్లో అతికించిన కొన్ని ముక్కోణాలు. అవి ఎంత తగ్గితే గేమ్ అంత సాఫీగా నడుస్తుంది, పాత ఫోన్లలో కూడా. అందుకని కిటికీ చెక్కడు, గోడమీద కిటికీ బొమ్మ అంటిస్తాడు. ఆ బొమ్మల కోసం సెలవు రోజుల్లో పెచ్చులూడిన గోడలకి ఫోటోలు తీస్తూ తిరుగుతాడు. ఒకసారి ఒక వాచ్‌మన్ దొంగనుకుని కాలర్ పట్టుకుంటే, "గోడ బాగుందని తీశానండీ" అన్నాడట. ఆ మాట ఎవడు నమ్ముతాడు? అతని ఫోన్లో గోడలు కాకుండా ఉన్నవి కూతురి ఫోటోలు మాత్రమే.

భార్యాభర్తలు విడిపోయి చాలాకాలమైంది. తప్పెవరిదో నేనడగలేదు, అతను చెప్పలేదు. ఇప్పుడిప్పుడే కూడబలుక్కుని చదువుతున్న ఆ పిల్ల వేరే ఊళ్ళో తల్లి దగ్గర ఉంటుంది. పిచ్చుక అని పిలుచుకుంటాడు. భోజనాల వేళ అందరూ కిందికెళ్ళాక, స్పీకర్ పెట్టి ఫోన్ చేస్తాడు. చేతులు మాత్రం మౌసు వదలవు.

"ఎప్పుడొస్తావు నాన్నా?"

"ఈ గేమ్ అయిపోగానే వచ్చేస్తా తల్లీ."

గేములు అవుతూనే ఉన్నాయి. పిల్ల అడగడం మానేసింది. మాటలు కూడా పొడిపొడిగా తయారయ్యాయి. కూతురు చేజారిపోతోందని మేస్త్రికి భయం పట్టుకుంది. ఆ భయంతో అన్నం కూడా సరిగ్గా తినేవాడు కాదు.

అప్పుడొక ఉపాయం తట్టింది. కొత్త గేములో వంతెన దిగగానే ఎర్ర పెంకుల కొట్టొకటి కట్టి, పక్కగోడ మీద 'పిచ్చుక బేకరీ' అని తెలుగులో రాశాడు. ఆ ఊళ్ళో బోర్డులన్నీ ఎలాగూ అర్థంపర్థంలేని రాతలే, టీమ్ లీడర్ పట్టించుకోలేదు.

"ఆ కొట్టు నీదే తల్లీ. వెతికి పట్టుకో" అన్నాడు.

"నిజంగా నా పేరే?" పిల్ల గొంతులో ఎన్నాళ్ళకో హుషారు. ఆ వారమంతా మేస్త్రి కాళ్ళు నేలమీద ఆనలేదు. నాకు కాఫీ కూడా ఇప్పించాడు, మా ఆఫీసు చరిత్రలో అది మొదటిసారి.

గేమ్ విడుదలైంది. ఫోన్ వచ్చింది.

"లేదు నాన్నా. ఎర్ర పెంకుల కొట్టు ముందు ఎంతసేపు తిరిగానో. దానిమీద ఏవో పిచ్చి రాతలున్నాయి. నా పేరు లేదు."

"ఉంటుంది తల్లీ, సరిగ్గా చూడు."

"చూశాను. అబద్ధం చెప్పావు."

మేస్త్రి గబగబా గేమ్ తెరిచి వంతెన దిగాడు. నేనూ కుర్చీ జరుపుకుని చూశాను. బోర్డు ఉంది. అక్షరాలు మాత్రం అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్నాయి. మా పనిలో అందరం చేసేదే అది. ఒక గోడకి బొమ్మ వేసి, మెమరీలో జాగా కలిసొస్తుందని అదే బొమ్మని తిప్పి ఎదుటి గోడకి అంటిస్తాం. సరైన అక్షరాలు అవతలి గోడమీద ఉన్నాయి. అటువైపు కాలువ, ఆడేవాళ్ళెవరూ వెళ్ళలేరు. అలవాటుపడ్డ చెయ్యి దానంతటదే ఆ పని చేసేసింది.

"అది నీ పేరే తల్లీ. తిరగబడిపోయింది. నేనే చూసుకోలేదు."

"కట్టాక ఒక్కసారి కూడా వచ్చి చూడలేదా నాన్నా?"

పిల్ల అడిగింది కొట్టు గురించే. మేస్త్రి మౌసు మీంచి చెయ్యి తీసేశాడు. నాకే ఏడుపొచ్చినంత పనైంది.

"రేపే సరిచేస్తా తల్లీ. ఈసారి కచ్చితంగా..."

"సరేలే నాన్నా. అమ్మ పిలుస్తోంది, ఉంటాను."

పిల్ల ఫోన్ పెట్టెయ్యలేదు, స్పీకర్ ఆన్‌లోనే ఉంది. అటునుంచి గేములో వంతెన కింద పారే నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది. పిల్లని ఎవరూ పిలవలేదు.